బూరుగుదుంగ మీద ఉలి

బస్తరులోని జగదల్‌పూర్‌లో, గోల్‌బజారు వెనక సందులో శ్రీరంగం కొట్టు బోర్డు రంగు వెలిసి పదేళ్లయింది. బోర్డు చూసి వచ్చేవాళ్లెవరూ లేరు కాబట్టి మళ్ళీ రాయించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. కొంటా నుంచి వచ్చి ఇక్కడ ఉలులూ రంపాలూ అమ్మడం మొదలుపెట్టింది శ్రీరంగం తండ్రి. వాటి పక్కన జర్మనీ ఉలులు, జపాను రంపాలు పెట్టింది శ్రీరంగం. ఒకసారి కొంటే పదిహేనేళ్లు మళ్ళీ కొనక్కర్లేని ఖరీదైన సరుకు. అయినా సుక్మా నుంచి, దంతేవాడ నుంచి, కొండాగావ్ నుంచి నగిషీ పనివాళ్లు బస్సు దిగి నేరుగా ఆ సందులోకే వచ్చేవారు.

ఆ ఏడు వానలు పట్టగానే మెయిన్ రోడ్డు మీద రాయ్‌పూర్ వాళ్ల షోరూము తెరిచారు. అద్దాల తలుపులు, లోపల చల్లటి గాలి, గోడంతా వెలిగే అరలు. వాటిలో అదే జర్మనీ కంపెనీ ఉలులు, ధర పదో వంతు తక్కువ. శ్రీరంగం మొదటి వారం నవ్వాడు. రెండో వారం ఏదో పనున్నట్టు ఆ రోడ్డున నడిచి చూసొచ్చాడు. మూడో వారం కంపెనీ హైదరాబాదు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఊరికి ఇద్దరు డీలర్లు అక్కర్లేదట. దసరాలోపు తమ మనిషి వచ్చి ఇద్దరి కొట్లూ చూసి, ఒకరినే ఉంచుతాడట.

శ్రీరంగం భార్య సుశీల ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి మడతపెట్టింది. డీలరుషిప్పు పోతే మిగిలేవి మేకులు, తలుపు బందులు, జిగురు డబ్బాలు. అవి ఊళ్లో నలభై కొట్లలో దొరుకుతాయి. ఆ సందులోకి దిగి రావడానికి ఇక ఎవరికీ కారణం ఉండదు.

సుశీల భద్రాచలంలో డిగ్రీ చదివి ఈ ఇంటికి కోడలుగా వచ్చింది. పదకొండేళ్ల కిందట మొదటిసారి జర్మనీ ఉలులు వచ్చినప్పుడు డబ్బాలోని కాగితాన్ని చదివింది ఆమె ఒక్కతే. ఉలికి చివరి పదును వాడేవాడే పెట్టుకోవాలని అందులో ఉంది. ఫ్యాక్టరీలో యంత్రం మీద అరగదీసి పంపుతారు, అంతే. చూపుకు తళతళలాడినా, దాని వీపు చదునుగా ఉండదు, కోసే అంచు, అంటే వాదర, తేరి ఉండదు. మన కమ్మరి కొట్టిన ఉలి ఏటి రాయి మీద నాలుగు రుద్దులకు దారికి వస్తుంది. ఈ ఉక్కు ఏటి రాయికి లొంగదు.

అది తెలిసిన రోజు నుంచి ప్రతి మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక సుశీల పెరటి వసారాలో మూడు సానరాళ్లు పరుచుకుని కూర్చునేది. గరుకు రాయి, మధ్యరకం, నున్నటిది. ముందు వీపు, తర్వాత వాదర పక్క వాలు, ఆఖరున తోలుపట్టీ. ఒక్కో ఉలికి అరగంట. ఆమెకు పనిలో తొందర ఉండేది కాదు, రాజీ అంతకన్నా ఉండేది కాదు. పిండిలో ఒక్క బియ్యపు పలుకు తగిలినా మళ్ళీ జల్లెడ పట్టే మనిషి. ఆమె చెయ్యి పడకుండా ఒక్క ఉలి కూడా కొట్టు దాటి వెళ్లేది కాదు. ఈ సంగతి కొనేవాళ్లకు తెలియదు. శ్రీరంగానికి తెలిసినా, ఇంటి ఆడమనిషి చేసే వంద పనుల్లో అదొకటనుకుని మరిచిపోయాడు. అత్తగారు అన్నపూర్ణమ్మ మాత్రం మరవలేదు.

“డిగ్రీ చదివింది కత్తులకు సాన పట్టనీకేనా? ఓ సైకిలేసుకుని వీధెంట తిరుగు. ఇంకో నాలుగు బేరాలొస్తయి,” అనేది. సుశీల నవ్వి ఉలిని వెలుతురుకు ఎత్తి చూసుకునేది.

షోరూము వచ్చాక ఒక మధ్యాహ్నం శ్రీరంగం పెరట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఆ పొద్దున ఒక కాంట్రాక్టరు డబ్బా తెరిచి ఉండటం చూసి, ఇది వాడిన సరుకని కొట్లోనే అందరి ముందూ అన్నాడట.

“సీలు తీసిన మాలు సెకండు మాలంటున్నరు సుశీలా. అక్కడ మెరిసే ప్యాకింగుల ఇస్తున్నరు. ఇయాల్టి నుంచి డబ్బాలు తెరవొద్దు.”

“తెరవకుండా ఇస్తే వాళ్ల చేతిల తెగదు.”

“అక్కడ తెరిచిస్తున్నరా ఏంది? ఎవరి తంటా వాళ్లు పడతరు.”

ఆమె రాళ్లు కడిగి, ఆరబెట్టి, గుడ్డలో చుట్టి అటకెక్కించింది. వాదరను పరీక్షించే బూరుగుదుంగ ఊరికే పడి ఉండటం ఎందుకని దాన్ని వంటింట్లో నీళ్ల బిందె కింద పెట్టింది. శ్రీరంగం కొట్లోకి అద్దాల బీరువా తెప్పించాడు. సీలు తీయని డబ్బాలు అందులో వరసగా మెరిశాయి.

రెండు నెలలు గడిచాయి. షోరూముకు వెళ్లేవాళ్లు వెళ్తూనే ఉన్నారు, కొట్టుకు వచ్చేవాళ్లు తగ్గుతూనే ఉన్నారు. తక్కువ ధర, చల్లటి గాలి అక్కడుంటే, అదే డబ్బా కోసం సందులోకి ఎందుకు రావాలి? భర్త రాత్రి అన్నం దగ్గర చెయ్యి ఆడించకుండా కూర్చోవడం చూసినప్పుడల్లా సుశీలకు నోటిదాకా మాట వచ్చేది. అడగని మనిషికి చెప్పిన మాట నిలవదని ఊరుకునేది.

కంపెనీ మనిషి వస్తానన్న ఆదివారం పొద్దున్నే, అతనికన్నా ముందు హడ్మా వచ్చాడు. కిష్టారం దగ్గర నుంచి మూడు బస్సులు మారి వస్తాడు. తలుపుల మీద, గుంజల మీద జింకలూ నెమళ్లూ చెక్కడంలో అతనికి సాటిలేరు. సంత ఉందని వెంట మరో అయిదారుగురు పనివాళ్లు కూడా ఉన్నారు. హడ్మా బల్ల మీద ఒక ఉలి పెట్టాడు.

“ఏంది సేటు, సచ్చిన ఇనుము అంటగట్టినవ్? పదేండ్ల కింద నీ కాడ కొన్నది ఇంకా కోస్తాంది. మొన్న కొన్న ఇది వారం దినాలు ఏటి రాయి మీద నూరిన. ఎలుక కొరికినట్టు కొరుకుతాంది.”

శ్రీరంగం ఉలి మీద చెయ్యి వేసేలోగా కంపెనీ మనిషి సుందరరావు సందులోకి నడిచొచ్చాడు. వెనక షోరూము మేనేజరు దేవాంగన్, నలభై దాటిన మర్యాదస్తుడు, చేతిలో తన షోరూము ఉలి డబ్బాల సంచీతో. సుందరరావు ముందు షోరూము చూసి వస్తున్నాడు. నిర్ణయం ఎటు మొగ్గిందో అతను కూర్చున్న తీరులోనే తెలిసిపోయింది. కుర్చీ అంచు మీద, లేచిపోవడానికి సిద్ధంగా. అక్కడ సరుకు బాగా కదులుతోందన్నాడు. ఫిర్యాదులు వచ్చిన మాట నిజమే. షోరూము నుంచి ఇరవై ఉలులు తిరిగొచ్చాయి, ఉక్కు మంచిది కాదంటున్నారు. ఆ సరుకంతా ఒకే దఫాలో తయారైంది, అందులోనే లోపం ఉండి ఉంటుందన్నాడు. వాటిని మార్చి కొత్తవి పంపిస్తామన్నాడు. ఇక ఈ కొట్టు విషయానికొస్తే, అని కాగితాల సంచీ మీద చెయ్యి వేశాడు.

టీ గ్లాసులు పట్టుకొచ్చిన సుశీల వాటిని బల్ల మీద పెట్టింది కానీ లోపలికి వెళ్లలేదు. హడ్మా ఉలిని తీసి వెలుతురుకు ఎత్తింది. వాదర పొడవునా తెల్లగా సన్నటి మెరుపు. పదును తేరిన వాదర మీద ఆ మెరుపు ఉండదు.

“ఉక్కులో లోపం లేదండి,” అంది. “పని సగంలో ఆగిపోయింది.”

సుందరరావు మర్యాదగా నవ్వాడు. అరగంట ఇస్తే చూపిస్తానందామె. అతను గడియారం చూసుకున్నాడు. హడ్మా మాత్రం అక్కడే నేల మీద గొంతుక్కూర్చుని, చూద్దాం చూద్దాం అన్నాడు. అతనితో వచ్చినవాళ్లూ కూర్చున్నారు. అంతమంది కూర్చున్నాక లేచిపోవడం సుందరరావుకూ బాగుండలేదు.

ఆమె అటక మీది మూట దింపింది. బిందె పక్కకు జరిపి బూరుగుదుంగ తెచ్చింది. పదకొండేళ్లూ పెరట్లో చేసిన పనిని ఆ పూట కొట్టు గుమ్మంలో, వెలుతురు బాగా పడేచోట, సందులో వచ్చేపోయేవాళ్లందరికీ కనపడేలా పరుచుకుంది.

బూరుగుదుంగను చూసి దేవాంగన్ ఆశ్చర్యపోయాడు. ఇంత ఖరీదైన ఉలిని అగ్గిపుల్లల చెక్క మీద పరీక్షించడమేమిటని హిందీలో అడిగాడు, టేకు తెప్పించమన్నాడు. హడ్మా పకపకా నవ్వి, టేకును సుత్తితో కొడితే మొద్దు ఉలి కూడా దిగుతుంది సాబ్ అని అతని భాషలోనే చెప్పాడు. మెత్తటి చెక్కను అడ్డంగా కోసిన ముఖం మీద, సుత్తి లేకుండా, ఒట్టి చేత్తో పొర తీయాలి. అక్కడ మొండి ఉలి తప్పించుకోలేదు.

సుశీల దేవాంగన్ సంచీ వంక చూసి, మీ సరుకులోంచే మీకు నచ్చింది ఒకటి తీయండని అడిగింది. అతను సీలు ఉన్న డబ్బా ఒకటి ఏరి, తనే సీలు కత్తిరించి, ఉలి అందించాడు. ఆమె దాన్ని ముందు ఉన్నదున్నట్టే దుంగ మీద ఆనించి తోసింది. మొండి కత్తిపీట మీద పండిన టమాటా నలిగినట్టు బూరుగు పీచు నలిగి, చిరిగి, పీచుపీచుగా లేచింది. ఆ చోట సుద్దముక్కతో గీత గీసి అందరికీ చూపించింది.

తర్వాత రాయి తడిపింది. వీపును రాయి మీద పరిచి, రెండు వేళ్లతో అదిమి, నెమ్మదిగా ముందుకూ వెనక్కూ. కాసేపటికి ఎత్తి చూపింది. మధ్యలో గుంట ఉన్నచోట యంత్రం గీతలు అలాగే ఉన్నాయి, చుట్టూ మాత్రం అద్దంలా అయింది. గీతలు పూర్తిగా పోయేదాకా రుద్దుతూనే ఉంది. సందులో వెళ్లే ఒకరిద్దరు ఆగారు. వాలు పట్టింది. రాయి మార్చింది, మళ్ళీ మార్చింది. మధ్యలో ఒకసారి వాదరను వెలుతురుకు ఎత్తి, ఒక మూల వెంట్రుకంత మెరుపు కనపడితే తల అడ్డంగా ఊపి మళ్ళీ కూర్చుంది. సుందరరావుకు అప్పటికే తేడా ఏమీ కనపడటం లేదు. ఆమెకు కనపడింది. అరగంట కాస్తా నలభై నిమిషాలైంది. టీ చల్లారిపోయింది. అతను గడియారం మళ్ళీ చూసుకోలేదు.

తోలుపట్టీ మీద పదిసార్లు లాగి, అదే ఉలిని అదే దుంగ మీద, నలిగిన చోటుకు బెత్తెడు పక్కన ఆనించింది. తోసినట్టు కూడా లేదు. ఉల్లిపొరలాంటి పొర ఒకటి లేచి చుట్టుకుని ఆమె మణికట్టు మీద పడింది. కింద బూరుగు ముఖం మైనం రాసినట్టు నిగనిగలాడింది.

హడ్మా బొటనవేలితో ఆ చోటు తడిమాడు. పక్కవాడికి చూపించాడు. అతను మరొకడికి. ఆఖరుకు దేవాంగన్ కూడా వంగి, తడిమి, ఉలిని అటూ ఇటూ తిప్పి చూశాడు. అది తను తెచ్చిందే, తన చేతులతో సీలు తీసిందే.

“ఈ పని మీకెవరు నేర్పారమ్మా?” అన్నాడు సుందరరావు.

“మీ కంపెనీయే. డబ్బాలో కాగితం పెడతారు కదండీ, నాలుగు భాషల్లో. వాటిల్లో ఒకటి నాకొచ్చు.”

పనివాళ్లు నవ్వారు. సుందరరావు కూడా నవ్వాడు కానీ ఆ నవ్వు మధ్యలోనే ఆగి, సంచీలోంచి కాగితాలు బయటికి తీశాడు. తిరగేస్తూ, ఈ కొట్టు నుంచి పదకొండేళ్లలో ఒక్క ఉలీ తిరిగి రాలేదన్నాడు. ఈ రెండు నెలల్లోనే మూడు వచ్చాయి. ఇప్పుడు హడ్మాదీ కలిపితే నాలుగు. ఈ రెండు నెలల్లో ఏం మారిందని అడిగాడు.

సుశీల గుడ్డ తీసుకుంది. రాయి మీది బురద తుడుస్తోంది. తప్పు ఎవరిదో తను చెప్పదలుచుకోలేదు.

“నేనే ఆపిచ్చిన,” అన్నాడు శ్రీరంగం. అంతమంది పనివాళ్లు, షోరూము మేనేజరు, కంపెనీ మనిషి వింటుండగా అన్నాడు. “ఇన్నేండ్లు మా కొట్టు పేరు మీద నడిచిందంతా ఈమె చేతి పని. సీలు మెరవట్లేదని నేనే ఆపిచ్చిన. నాకే తెలివి లేకపాయె.”

ఆ మాటకు సుశీల చేతిలోని గుడ్డ ఒక్క క్షణం ఆగింది.

సుందరరావు అక్కడే కూర్చుని రాశాడు, ఈసారి కుర్చీలో వెనక్కి జరిగి. బస్తరుకు ఈ ఉలుల డీలరు ఇకనుంచి ఈ కొట్టు ఒక్కటే. షోరూముకు కావాలంటే ఇక్కణ్ణుంచే తీసుకుని అమ్ముకోవచ్చు. రాసింది చదివి వినిపించాక సుశీల ఒక వాక్యం చేర్చమంది: పదును పెట్టకుండా ఒక్క ఉలి కూడా ఎవరి కొట్టూ దాటకూడదు. అతను చేర్చాడు. సంతకానికి కాగితం శ్రీరంగం ముందు పెడితే, శ్రీరంగం దాన్ని తిప్పి భార్య వైపు జరిపాడు. ఆమె చేతులు కడుక్కొచ్చి, మొత్తం మళ్ళీ మొదటి నుంచి చదివి, ఒకచోట తప్పుపడ్డ తేదీ దిద్దించి, అప్పుడు సంతకం చేసింది.

హడ్మా కదల్లేదు. తన ఉలికి కూడా పదును పడితే గాని బస్సెక్కనని గుమ్మంలోనే కూర్చున్నాడు. ఈలోగా సంతలో మాట పాకింది. షోరూములో కొన్న ఉలులు చంకలో పెట్టుకుని ఒక్కొక్కరే సందులోకి రావడం మొదలుపెట్టారు. పొద్దు తిరిగేసరికి వరస మూలమలుపుదాకా వెళ్లింది. మధ్యలో దూరబోయినవాణ్ణి అన్నపూర్ణమ్మ చేతికర్ర అడ్డం పెట్టి ఆపింది.

“ఎనక్కు పో నాయనా, ఎనక్కు. మా కోడలు చెయ్యి పడాలంటే కూసోవాలె.”

బుధవారం దేవాంగన్ వచ్చాడు. చెప్పులు బయట విడిచి, షోరూములో మిగిలిన ముప్ఫై రెండు ఉలుల సంచీ దించి, వీటిని కూడా చేసిపెట్టమని అడిగాడు. తన చేతులు రెండేనంది సుశీల. మధ్యాహ్నాలు వచ్చి కూర్చుంటే నేర్పుతానంది. పోటీవాడికి విద్య చెప్పడమేమిటన్నట్టు శ్రీరంగం కళ్లతో సైగ చేశాడు. ఆమె చూడనట్టే ఊరుకుంది.

దేవాంగన్ చొక్కా చేతులు మడిచి రాళ్ల ముందు కూర్చున్నాడు. గంటసేపు రుద్ది, చెమట తుడుచుకుని, అయిందన్న ధీమాతో ఉలి అందించాడు. సుశీల దాన్ని కిటికీ వైపు ఎత్తి, ఒక కన్ను మూసి, ఈ మూల నుంచి ఆ మూలదాకా నింపాదిగా చూసింది.

“బాగుంది,” అని అతని చేతిలో పెట్టింది. “మొదటి రాయి నుంచి మళ్ళీ పట్టండి.”