ముద్ద దిగేదాకా

ఆపరేషన్ చేసిన డాక్టర్ అన్నం సంగతి అన్నిటికన్నా చివర చెప్పాడు. మొదట నీళ్లలాంటివి, తర్వాత జావలు, ఆపైన మెత్తగా మెదిపినవి, అవన్నీ పడ్డాకే గట్టి తిండి. బరువు తగ్గడానికి కడుపులో చాలా భాగం తీసేశారు, మిగిలింది అరటికాయంత సంచి. దాన్ని తొందరపెట్టొద్దన్నాడు.

రజిత తొందరపెట్టలేదు. మిర్యాలగూడలో ఆమె అంగన్‌వాడీ టీచర్. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే ఊపిరాడక ఉలిక్కిపడి లేవడం, దానికి తోడు చిన్న వయసులోనే షుగర్. అవి పడలేకే హైదరాబాద్ వెళ్లి కోయించుకుంది. బియ్యం మిల్లులో సూపర్‌వైజర్‌గా చేసే ఆమె భర్త జితేందర్ జావ కాచడం, పప్పు మెదపడం నేర్చుకున్నాడు. నిడమనూరు దగ్గరి తండా నుంచి అతని తల్లి జమ్లీ వచ్చి కోడలి దగ్గరే ఉండిపోయింది. జావల మీద ఉన్నన్నాళ్లూ బాగానే గడిచింది. జాకెట్లు వదులయ్యాయి. అంగన్‌వాడీ పిల్లలతో కింద కూర్చుని, గోడ పట్టుకోకుండా లేవగలిగింది.

గట్టి తిండి మొదలుపెట్టిన రోజు ఉడికిన గుడ్డులోంచి గోరంత తెల్లసొన తుంచి నోట్లో వేసుకుంది. నమిలి నమిలి పిండిచేసి మింగింది. కాసేపటికి రొమ్ము మధ్యలో చెయ్యి పెట్టుకుంది.

"ఈడ ఆగింది," అంది. నోట్లో నురగలాంటి ఉమ్మి ఊరింది. లేచి బాత్‌రూంలోకి పరుగెత్తింది.

తిరిగొచ్చాక జితేందర్, "జర జల్ది మింగినట్టున్నవ్," అన్నాడు.

"మింగలే. నమిలిన. నువ్వు సూస్తనే ఉన్నవ్ గదా."

హైదరాబాద్ ఆస్పత్రిలో తిండి సంగతులు చూసే అమ్మాయికి ఫోన్ చేశాడు. "ఇంకా బాగా నమలమనండి సార్. తినేటప్పుడు నీళ్లు తాగొద్దు. కొత్తలో చాలామందికి ఇలాగే ఉంటుంది," అందామె.

ఇడ్లీ తిరిగొచ్చింది. పప్పులో పిసికిన మెతుకులు తిరిగొచ్చాయి. మళ్లీ ఫోన్ చేస్తే మళ్లీ అదే మాట. రోజులు గడిచేకొద్దీ ఆమె పళ్లెం ముందు కూర్చుంటే ఇల్లంతా ఊపిరి బిగబట్టేది. జమ్లీ ఆపుకోలేక ఒకరోజు అనేసింది: "మంచిగున్న కడుపును కోయించుకుంటరా బిడ్డా? గిప్పుడు ఎవ్వలేం జేస్తరు?"

రజిత లేచి పళ్లెం తీసుకెళ్లి కడిగేసింది. ఆ మాట తను రోజూ లోపల అనుకునేదే.

ఆ తర్వాత కోదాడలో ఆమె అక్క జ్యోతి కూతురి ఓణీల ఫంక్షన్ వచ్చింది. వెళ్లకపోతే అక్క ఊరుకోదు. బంతిలో కూర్చోకుండా రజిత ఒక మూల కుర్చీలో కూర్చుంది. జ్యోతి ప్లేటు పట్టుకుని అక్కడికే వచ్చింది.

"ఎట్టా అయిపోయావే! మొహంలో కళే లేదు. ఒక్క ముక్క తిను, ఏమీ కాదు."

"వద్దక్కా. పడ్తలేదు."

"నా కూతురి ఫంక్షన్లో ఎంగిలి కూడా పడవా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఇటే చూస్తున్నారు. ఆ చూపుల నుంచి బయటపడడానికి రజిత చిన్న కోడిముక్క తీసుకుంది. ఎంతసేపు నమిలిందో! మింగిన కాసేపటికి కొంగు నోటికి అడ్డంపెట్టుకుని చేతులు కడిగే చోటికి నడిచింది. జితేందర్ వెళ్లేసరికి గోడకు ఆనుకుని ఉంది. ముక్క పైకి రావడం లేదు, కిందికి పోవడం లేదు. గుక్కెడు నీళ్లు తాగితే అవీ వెనక్కే వచ్చాయి. చివరికి సొంత ఉమ్మి కూడా దిగలేదు.

"నేనే పెట్టానే, నేనే," అంటూ జ్యోతి ఏడుస్తోంది.

కోదాడ డాక్టర్ ఇంజక్షన్ ఇచ్చి, ఇది తన వల్ల కాదు, సూర్యాపేట తీసుకెళ్లమన్నాడు. కిరాయి కారులో దారి పొడవునా ఆమె ప్లాస్టిక్ కవర్లో ఉమ్ముతూనే ఉంది. సూర్యాపేట దవాఖానాలో సెలైన్ ఎక్కించారు, విటమిన్ ఇంజక్షన్ ఇచ్చారు. నోట్లోంచి గొట్టం వేసి చూసే డాక్టర్ మాత్రం ఆ రోజు రాలేదన్నారు. జితేందర్ వరండాలో నిలబడి హైదరాబాద్‌కు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. మిల్లులో ఎంత పెద్ద మిషన్ ఆగినా ఎక్కడ ఏం విప్పాలో అతనికి తెలుసు. మంచం మీద ఉన్న మనిషికి చెంచాడు నీళ్లు దించడం ఎలాగో తెలియలేదు. ఎట్టకేలకు ఆపరేషన్ చేసిన డాక్టర్ ఫోన్ ఎత్తి, వెంటనే తీసుకురమ్మన్నాడు.

హైదరాబాద్‌లో గొట్టం వేసి చూశారు. ఇరుక్కున్న ముక్కను తీశారు. సంచి వంపు తిరిగే చోట దారి సన్నబడిపోయిందట. చిన్న బెలూన్ లాంటిది లోపల ఉబ్బించి దాన్ని వెడల్పు చేశారు.

"మీరు నమలడంలో తప్పేమీ లేదమ్మా," అన్నాడు డాక్టర్. అప్పటిదాకా ఏడవని రజిత ఆ మాటకు ఏడ్చింది. "మళ్లీ ముడుచుకోవచ్చు. అప్పుడు మళ్లీ చేస్తాం. ఈసారికి మొదటి నుంచి మొదలుపెట్టండి."

మళ్లీ నీళ్లు, మళ్లీ జావలు. మళ్లీ గట్టి తిండి రోజు వచ్చింది. ఆ రోజు జితేందర్ మిల్లుకు సెలవు పెట్టాడు. జమ్లీ గుమ్మం దగ్గర నిలబడింది. రజిత ఇడ్లీ తునక నోట్లో పెట్టుకుని నమిలింది. నములుతూనే ఉంది. బుగ్గన పెట్టుకుని కూర్చుందే తప్ప మింగలేదు.

"దారి పెద్దగ జేసిండ్రు గదా," అన్నాడు జితేందర్ మెల్లగా.

ఆమె నోట్లోది చేతిలోకి ఊసేసింది. "జేసిండ్రు. నాకే భయమైతుంది."

"నేను పట్టుకుంట. నీళ్లు తేవాల్నా?"

"ఏం తేకు. నువ్వు బయటికి పో. నువ్వట్ల సూస్తుంటే నాకు దిగుతలేదు. అత్తమ్మను గూడ తీస్కపో."

అతను తల్లిని తీసుకుని బయటి మెట్టు మీద కూర్చున్నాడు. రోడ్డు మీద మిల్లులకు వడ్ల లారీలు పోతున్నాయి.

"తిన్నదా?" అని అడిగింది జమ్లీ.

"ఏమో అమ్మా."

లోపల చెంచా చప్పుడైంది. తర్వాత ఏ చప్పుడూ లేదు. లేచి చూడాలని జితేందర్ మనసు లాగింది. లేవలేదు. చాలాసేపటికి లోపలి నుంచి, "ఒకటి పోయింది," అన్న మాట వినిపించింది.

ఆ వారం కొన్ని ముద్దలు దిగాయి, కొన్ని తిరిగొచ్చాయి. ఏది దిగుతుందో, ఏది ఆగుతుందో ఆమెకూ తెలియదు, ఫోన్లో మాట్లాడే అమ్మాయికీ తెలియదు. మళ్లీ గొట్టం వేసి చూడడానికి తారీఖు ఇచ్చారు. అప్పటిదాకా పూటపూటకూ జితేందర్ పళ్లెం ఆమె ముందు పెట్టి, ఏమీ అడగకుండా బయటికి వచ్చి మెట్టు మీద కూర్చుంటున్నాడు.