ఆటలో ముందు కూర్చునేదెవరు?

టేకులపల్లి అడవి అంచున ఉన్న ఆ తండాలో మధ్యాహ్నానికి నలభై మంది తల్లులు "లేదు" అనేశారు. డాక్టర్ ఉదయశ్రీకి అరికాలి మంట నెత్తికెక్కింది.

పిల్లల గుండె వైద్యంలో ఖమ్మం అంతా ఆమెకు మంచి పేరే ఉంది. కానీ పదేళ్లుగా ఆమె వెంటపడుతున్న సంగతి వేరు. స్కానింగ్ మిషన్ చేరని ఊళ్లో గుండెజబ్బు ఉన్న పిల్లల్ని ఉత్త ప్రశ్నలతో పట్టుకోవచ్చా? అందుకోసం ఇరవై ప్రశ్నలు తయారుచేసి ఊరూరా తిరిగింది. ఒక్కరూ దొరకలేదు. ఇదే చివరి ఊరు. ఇక్కడా దొరక్కపోతే పదేళ్ల పరిశోధన గోదాట్లో కలిసినట్టే.

"మీ పాపకు ఆయాసం వస్తుందా?"

"ఎందుకొస్తది మేడం?" అంది ద్వాలి, ఏడేళ్ల కూతురు రూప్లిని దగ్గరికి లాక్కుంటూ. "నా బిడ్డ మంచిగనే ఉంది. జర బద్ధకం, గంతే."

పక్కన కాగితాలు అందిస్తున్న ఆశా వర్కర్ ముత్తక్క ఇక ఉండబట్టలేకపోయింది.

"తల్లుల్ని అడిగితే గిట్లనే అంటరు మేడం. పోరగాండ్లను అడగాలె." అని, ఆడుకుంటున్న పిల్లలకేసి కేకేసింది. "ఏయ్, ఉరుకులాటల అందరికంటే ముందు ఎవరు కూసుంటర్రా?"

"రూప్లి!" పది గొంతులు ఒక్కసారే లేచాయి. "జర ఉరికితే సాలు, మోకాళ్లు ముడుసుకొని కూసుంటది. పెదాలు నేరేడు పండ్లు తిన్నట్టయితయి!"

ఉదయశ్రీ చేతిలో కాగితాలు పక్కన పెట్టేసింది. అది బద్ధకం కాదు. గుండెలో లోపమున్న పిల్లలు ఊపిరి అందక తమకు తామే నేర్చుకునే ఉపాయం. డాక్టరు చదువు చదివిన ప్రతివాళ్లకూ తెలిసిన ముక్కే! ఎవర్ని అడగాలో మాత్రం ఆమెకు ఇన్నేళ్లూ తట్టలేదు.

రూప్లిని బల్లమీద పడుకోబెట్టి, అనుమానం తేలినవాళ్ల కోసమని జీపులో తెచ్చుకున్న చిన్న మిషన్‌తో స్కాన్ చేసింది. గుండె గోడలో రంధ్రం, ఊపిరితిత్తులకు రక్తం పోయే దారి ఇరుకు.

"దొరికింది!" అని అరిచేసి, ద్వాలి మొహం చూసి నాలుక్కరుచుకుంది.

"నా బిడ్డ బతుకుతదా మేడం?"

"ఆపరేషన్ చేయిద్దాం అమ్మా. నేను దగ్గరుండి చూసుకుంటా."

జీపెక్కగానే కాగితం మీద మొదటి ప్రశ్న కొట్టేసి ముత్తక్క ప్రశ్న రాసుకుంది. చూసిన ఊళ్లన్నీ మళ్లీ తిరగాలి. తలుచుకుంటేనే ఆమెకు కాలు నిలవలేదు.

ఎనిమిది నెలల్లో చండ్రుగొండ నుంచి బూర్గంపాడు దాకా అదే ప్రశ్నకు మరో ఆరుగురు పిల్లలు దొరికారు. ఆ కబురు ముత్తక్కకు చెప్పాలని తండాకు వస్తే, ఆపరేషనయి కోలుకున్న రూప్లి వచ్చి, డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని ఆటలోకి లాగేసింది. రెండు చుట్లు తిరిగేసరికి ఉదయశ్రీ మట్టిలో కూలబడి రొప్పసాగింది.

ముత్తక్క నవ్వాపుకుంటూ అడిగింది. "ఏయ్, ముందు ఎవరు కూసున్నర్రా?"

"డాక్టరమ్మ!"

అందరికంటే గట్టిగా అరిచింది రూప్లి, నిలబడే.