పాస్టరుగారి అంగీ అంచు

వీధి చివర ఇస్త్రీ చేసే ఆమె మొగుణ్ణి అందరూ వసపిట్ట అనేవారు. దారిన పోయేవాళ్లని ఆపి మరీ కబుర్లు చెప్పేవాడు. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాటా పోయింది. ఇప్పుడతని మంచం దగ్గర ఎవరూ ఆగడం లేదు. "కాసేపు నోరు మూస్తావా!" అని రోజూ కసిరిన పెళ్లాం, ఒక్క మాట కోసం మొహం వాచిపోయి ఉంది.

కిందటి వారం పాస్టరుగారు చర్చిలో చదివారు. ఏళ్ల తరబడి రక్తస్రావంతో బాధపడే స్త్రీ గుంపులో దూరి, యేసు వస్త్రపు అంచు ముట్టుకుని బాగయిందట. ఆ అంచు మాట ఈమె బుర్రలో దిగబడిపోయింది. పాస్టరుగారి తెల్ల అంగీ ప్రతివారం తన బల్ల మీదే కదా ఇస్త్రీ అయ్యేది! యేసుది కాకపోయినా ఆయన సేవకుడిది, ఎంతో కొంత పనిచేయకపోతుందా అనుకుంది పిచ్చితల్లి.

ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ చేసిన అంగీ తెచ్చి, దాని అంచు మొగుడి చచ్చుబడ్డ చేతికి తాకించి, కళ్లు మూసుకుని ప్రార్థించింది. కళ్లు తెరిచేసరికి అతను ఎడమచేత్తో అంచును పిడికిట పట్టాడు. నోరు కదిలింది గానీ గాలి తప్ప ఏమీ రాలేదు. లాగబోతే ఏడుస్తున్నాడు.

అంతలో పాస్టరుగారే వచ్చేశారు.

"ఏమ్మా, అంగీ అయిందా? టైమైపోతోంది."

దాచడానికేముంది, బాగోతమంతా మంచం మీదే ఉంది.

"తప్పయిపోయింది అయ్యగారూ. అంచు తగిలితే చాలనుకున్నా. నా నమ్మకం చాల్లేదా? చెప్పండి."

ఎవరేమడిగినా ఠకీమని జవాబు చెప్పే మనిషి, మంచం వంక చూసి, "నాకు తెలీదమ్మా," అన్నారు.

ఆయనకే తెలియకపోతే ఇంకెవర్ని అడగాలి?

చర్చి గంట మోగింది. ఆయన అంగీ లాక్కోలేదు, మంచం పక్కన కూర్చున్నారు.

"చావుబతుకుల్లో ఉన్న ఓ పిల్ల దగ్గరికి వెళ్తున్న తొందరలోనూ, ఎవరో ముట్టుకున్నారని యేసు ఆగాడమ్మా. ఆ ముక్క నేనెప్పుడూ గబగబా చదివేస్తాను. ఆగడమైతే నేనూ చేయగలను."

"మరి ఈయన బాగవ్వాలి కదండీ?"

"అది నా చేతిలో లేదమ్మా."

గంట మళ్లీ మోగింది. ఆయన లేవలేదు. వసపిట్ట ఆయన మొహంలోకి చూస్తూ నోరు తెరుస్తూ మూస్తూ ఏదో చెబుతూనే ఉన్నాడు. ఆయన తల ఊపుతూ వింటున్నారు. ఆమెకి ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఇస్త్రీపెట్టెలో నిప్పులు బూడిదవుతుంటే, ఏం చేయాలో తోచక నిలబడి ఏడ్చింది.