జప్తయిన చేట

నేను ఒక వెదురు చేటను. మేదరి సింహాద్రి నన్ను అల్లితే, ఉప్పుటేటి ఒడ్డున చేపలమ్మే కాసులమ్మ పేడా మెంతిపిండీ కలిపి అలికింది. బియ్యం చెరగడమే నా పని అనుకునేరు, నాకంత తీరికెక్కడిది? ఆ ఊళ్లో పుట్టిన ప్రతి బిడ్డనీ ముందు నా ఒళ్లోనే పడుకోబెట్టేవారు.

మనుషుల బిడ్డలతో సరిపెట్టారా? ఏటా చలికాలానికి గూడబాతులొచ్చి ఏటిగట్టు చెట్ల మీద గూళ్లు కట్టేవి. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డలని ఊరంతా వాటిని నెత్తిన పెట్టుకునేది. పిల్ల గూట్లోంచి జారిపడితే దాన్నీ నాలోనే వేసి, చేప తినిపించి, మళ్లీ చెట్టెక్కించేవారు.

తర్వాత పురుగుమందుల కంపెనీ వచ్చింది. ఆ మందు పురుగుల్ని తప్ప ఎవరినీ ముట్టుకోదని పెద్దలకి గట్టి నమ్మకం. అందుకే కంపెనీ మురుగు గొట్టాన్ని నిశ్చింతగా ఏట్లోకి వదిలారు. కొన్నేళ్లకే గుడ్ల పెంకులు ఉల్లిపొరల్లా తయారయ్యాయి. తల్లి పొదగడానికి కూర్చుంటే చాలు, చితికిపోయేవి.

"ఆడపిల్లలకి ఎవుల దిష్టో తగిలింది. ఈ ఏడు ఒక్క పిల్లనైనా సూడకపోతే నాకు కూడు దిగదు," అంది కాసులమ్మ. నాలో ఉప్పూ ఎండుమిరపకాయలూ పోసి, చెట్టు చెట్టుకీ దిగదుడిచి ఏట్లో పారబోసింది.

సరిగ్గా అప్పుడే కాలుష్యం ఆఫీసరుగారు జీపు దిగారు. గొట్టం పక్కనే నిలబడి, నీళ్లలో తేలుతున్న మిరపకాయల్ని కనిపెట్టారు.

"ఇదన్నమాట సంగతి. ఇంత ఘాటు పోస్తే పక్షులు బతుకుతాయా మామ్మా?"

"పిడికెడు మిరపకాయలకేటవుద్ది బాబూ? ఆ గొట్టం సూడండి."

"దానికి పర్మిషనుంది. నీ మిరపకాయలకుందా?"

అలా నేను జప్తయ్యాను. అంచుకి చీటీ కట్టి, ఏటి అవతల ఆయన ఆఫీసులో బీరువా ఎక్కించారు. చదువుకున్నవాళ్ల నెత్తి మీద కూర్చునే యోగం ఏ చేటకి పడుతుంది చెప్పండి?

ఒకనాడు కాసులమ్మ వచ్చింది. కొంగులో ఏదో కదులుతోంది.

"ఒక్క గుడ్డు నిలబడింది బాబూ. పిల్లని ఏసుకోడానికి నా సేట ఇప్పించండి."

"కేసు తేలాలి మామ్మా."

ఆమె కొంగు విప్పింది. పిల్ల ముక్కు పైభాగం ఒక వైపుకీ కిందిది మరో వైపుకీ తిరిగిపోయి ఉంది. చేపముక్క పెడితే జారిపోతోంది. కాసులమ్మ ఆ ముక్కని తానే నమిలి, వేలితో దాని గొంతులోకి తోసింది. గుటక పడేదాకా ఆ నేల మీదే కూర్చుంది.

ఆఫీసరుగారు చూస్తూ ఊరుకోలేకపోయారు. బంట్రోతుని పిలిచి కిటికీ మూయించారు. ఏటి మీద నుంచి వచ్చే గాలికి కళ్లు మండుతున్నాయట.