నల్ల అంచు

నేను ఒక కత్తెరను. కత్తెర అనగానే మీ వంటింట్లో పాలపాకెట్ల పక్కన తడిసి పడి ఉండే ప్లాస్టిక్ పిడి సరుకును ఊహించుకోకండి, నాకు ఒళ్ళు మండుతుంది. నేను బట్టల కత్తెరను. నిండు ఇనుము. కొత్తవాళ్ళు నన్ను ఎత్తితే మణికట్టు పట్టేస్తుంది. పుట్టింది ఉత్తరాదిన ఒక కొలిమిలో. నన్ను కాల్చి, సాగగొట్టి, సాన పట్టినవాడి మొహం గుర్తులేదు కానీ, దేనికి పుట్టించాడో మాత్రం మరవలేదు. బట్ట కోయడానికి. బట్ట తప్ప ఇంకేదీ కోయకుండా ఉండడానికి.

రైలెక్కి చీరాల వచ్చాను. నన్ను కొన్నది దర్జీ మస్తాన్‌వలి. ఆయన చేతిలో ఉండగానే నాకు మనుషుల సంగతి తెలిసింది. లావైన వాళ్ళందరూ పాత కొలతలే ఇస్తారు. ఆ కొలతకే కుట్టి ఇస్తే జాకెట్టు బిగిసిందని నన్నూ ఆయన్నీ కలిపి తిడతారు. బట్ట మిగిలిందా అని అడగని ఆడమనిషిని, బిల్లు దగ్గర గొణగని మగవాణ్ణి నేను చూడలేదు. అయినా ఆ రోజులు మంచివి. సిల్కు మీద నడుస్తుంటే నా అంచులకు కూడా సుఖంగా ఉండేది.

ఆయన దగ్గర కాజాలు కుట్టడానికి చేరింది, ఆ ఊరికి కొత్తగా కాపురానికొచ్చిన కోడలుపిల్ల సీతారావమ్మ. మాట తక్కువ, చెయ్యి చురుకు. మస్తాన్‌వలికి చూపు మందగించి షాపు మూసేసినప్పుడు నన్ను ఆవిడ చేతిలో పెట్టాడు.

"దీన్తో కాగితం మాత్రం కోయమాకమ్మా. కాగితం తగిలిందా, ఇది చచ్చినట్టే లెక్క," అన్నాడు.

ఆవిడ ఆ మాటను మొగుడి మాట కన్నా గట్టిగా పట్టుకుంది. ఇంట్లో ఎవరైనా నన్ను ముట్టుకుంటే చాలు, ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేది. మొగుడు వెంకటప్పయ్య ఒకసారి బీడీకట్ట మీది దారం తెంపబోయి రెండురోజులు చల్లటి అన్నం తిన్నాడు. పని అయ్యాక నన్ను నూనె గుడ్డతో తుడిచి, పాత చీర ముక్కలో చుట్టి, మిషను సొరుగులో పడుకోబెట్టేది. ఇంత మర్యాద ఆ ఇంట్లో ఇంకెవరికీ జరగలేదు, ఆవిడకు అసలే జరగలేదు.

నిజం చెప్పాలి. ఆ వీధిలో ఏ శుభకార్యమైనా ముందు మా గుమ్మం ఎక్కాల్సిందే. పెళ్ళికూతుళ్ళ జాకెట్లు, ఓణీల ఫంక్షను లంగాలు, బారసాల గౌన్లు, అన్నీ నేను కోసినవే. మొగుడి షష్టిపూర్తికి వచ్చిన ఆడవాళ్ళ జాకెట్లన్నీ ఆవిడే కుట్టింది. తనకు కుట్టుకోవడానికి తీరిక లేక పాతది తొడుక్కుంది. ఆ షష్టిపూర్తి కార్డుల మీద బంగారు అక్షరాలతో ఆయన పేరు అచ్చయింది.

వెంకటప్పయ్య పోయి కొన్నేళ్ళయింది. కొడుకు శేషగిరి ఉద్యోగం పేరుతో ఊళ్ళు పట్టుకు తిరుగుతుంటాడు. ఇంట్లో ఉండేది సీతారావమ్మ, కోడలు ప్రసూన. ఈ ప్రసూన గురించి మర్యాదగా చెప్పాలని ఎంత ప్రయత్నించినా నా వల్ల కావడం లేదు. కంటి ఆసుపత్రిలో వచ్చేవాళ్ళను పలకరించి కూర్చోబెట్టే ఉద్యోగం. నోరు బంగారం. చేతులు మాత్రం దేవుడు తొందరలో అతికించినట్టుంటాయి. ఊడిన గుండీ కుట్టమంటే చొక్కా ముందు భాగాన్ని వెనక భాగానికి కలిపి కుట్టేసిన ఘనురాలు. దోసె పోస్తే దేశపటం వస్తుంది.

ఒక సాయంత్రం ఎవరో పెళ్ళికార్డు ఇచ్చి వెళ్ళారు. సీతారావమ్మ మిషను ముందు కూర్చుని దాన్ని అటూ ఇటూ తిప్పి నవ్వింది.

"శ్రీమతి అండ్ శ్రీ పూర్ణచంద్రరావు గారంట. ఆ శ్రీమతికి పేరు లేదో ఏందో. మావాడి పెళ్ళికార్డులో నేనూ అంతే కదే. శ్రీమతి అండ్."

"మీ పెళ్ళికార్డులో మీ పేరుంటుంది కదత్తయ్యా?"

"మా పెళ్ళికి కార్డులెక్కడియ్యే? బొట్టు పెట్టి నోటితో పిలిచారు. కార్డు మీద నా పేరెట్టా ఉంటదో నేనెప్పుడూ చూళ్ళేదు."

నవ్వుతూనే అంది. అని మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది. ప్రసూన నవ్వలేదు. ఆ క్షణాన ఆ పిల్ల మొహంలో ఏదో మంచి బుద్ధి పుట్టడం నేను చూశాను. మనుషులకు మంచి బుద్ధి పుట్టినప్పుడల్లా ఇంట్లో వస్తువులకు మూడుతుందని అప్పటికి నాకు తెలియదు.

సీతారావమ్మ పుట్టింది అట్లతద్ది మర్నాడట. ఆ ఏడు అది ఆదివారం పడింది, ఆవిడకు అరవై నిండే రోజు. అత్తయ్యకు తెలియకుండా వీధినంతా భోజనానికి పిలవాలి, కార్డు మీద అత్తయ్య పేరు ఉండాలి. ఇదీ ప్రసూన పట్టుదల. ఫోనులో వంటవాళ్ళతో గుసగుసలు, పుట్టింటి వదినతో గుసగుసలు. అన్నీ కుదిరాయి, కార్డులు తప్ప. ఇవాళ వెళ్తాను రేపు వెళ్తాను అంటూ శనివారం దాకా తెచ్చింది. ప్రెస్సువాడు పెళ్ళికార్డుల్లో మునిగి ఉన్నాడు, వారం ఆగమన్నాడు.

నోటితో పిలిస్తే పోయేది. ఊళ్ళో ఆ నోటిని మించింది లేదు. కానీ కార్డు మీద పేరు ఉండాలి కదా! ఫోనులో ఎవరో ఒకమ్మాయి చిటికెలో కార్డులు చేసేస్తున్న వీడియో చూసింది. నల్లటి అంచు, మధ్యలో ఫొటో, మెరుపుల రాత. "ఇదేం బ్రహ్మవిద్యా, నేనే చేస్తాను," అనుకుని తెల్ల చార్టులు, నల్ల చార్టులు, జిగురు సీసా, బంగారు రంగు మెరుపుల పెన్ను తెచ్చుకుంది. అత్తగారు లైనింగు బట్ట కోసం బజారుకు వెళ్ళిన మధ్యాహ్నం అదంతా ముందు గదిలో పరుచుకుంది. ఇక దేంతో కోయాలా అని ఇల్లంతా వెతికింది. చివరికి మిషను సొరుగు లాగింది.

వద్దు తల్లీ అని అరిచేవాణ్ణి, నోరుంటే. నాకున్న రెండు దవడలూ ఆ పిల్ల చేతిలోనే ఉన్నాయి.

మొదటి కోతకే నా అంచు గరగరమంది. కాగితం ఎంత పొడి వస్తువో మీకు తెలియదు. బట్ట పక్కకు తొలిగి దారి ఇస్తుంది, కాగితం గీరుతుంది. మట్టి నమిలినట్టు ఉంది. పైగా ఆ పిల్ల నన్ను పూర్తిగా తెరవదు, పూర్తిగా మూయదు. నాలిక బయటపెట్టి, కొరుకుతూ కొరుకుతూ పోనిస్తుంది. కోసిన ప్రతి ముక్కా ఒక వైపు లావు, ఒక వైపు సన్నం. దాన్ని సరిచేద్దామని ఇంకో కోత, దాన్ని సరిచేద్దామని మరో కోత. చివరికి కార్డు కావలసింది బస్సు టికెట్టంత మిగిలేది.

అంతటితో అయితే బతికిపోదును. జిగురు మూత రాలేదని నా మొనతో పొడిచింది. ఆ చల్లటి జిడ్డు నా రెండు రెక్కలూ కలిసే మర దాకా కారింది. ఛీ, ఛీ! మస్తాన్‌వలి నన్ను కళ్ళకద్దుకుని పనికి కూర్చునేవాడు. ఇప్పుడు నా ఒంటినిండా జిగురు, దాని మీద మెరుపు పొడి, దాని మీద ఆ పిల్ల తల వెంట్రుక. పిడికి చార్టు ముక్క అంటుకుంది. దాన్ని గోరుతో గీకాల్సింది పోయి, నన్ను నేలకేసి కొట్టింది.

కార్డుల వంకరలు కనపడకుండా చుట్టూ నల్ల చార్టు పట్టీలు అంటించింది. మధ్యలో అత్తగారి ఆధార్ కార్డు ఫొటో జిరాక్సు. అందులో ఆవిడ ఎవరో తిట్టినట్టు మొహం పెట్టి ఉంది. కింద నీలం స్కెచ్చి పెన్నుతో 'శ్రీమతి సీతారావమ్మ గారి' అని రాసి, పక్కన మెరుపుల పెన్నుతో 'పుట్టినరోజు వేడుక' అని పెట్టింది. దాని కింద మళ్ళీ నీలం పెన్నుతో ఆదివారం సాయంత్రం, మా ఇంట్లో, భోజనానికి తప్పక రావలెను, అని. ఇంకా ఆరకముందే వీధి తలుపు చప్పుడైతే అన్నీ దొంతరగా సంచిలో కుక్కేసింది. నన్ను జిగురుతో సహా సొరుగులో పారేసింది. చీర ముక్క కూడా చుట్టలేదు. ఆ సాయంత్రం ఆసుపత్రికి వెళుతూ, ఎవరికీ దొరక్కుండా, దూరపు వీధుల వాళ్ళ తలుపుల కింద నుంచి సగం కార్డులు జారవిడిచింది. దగ్గరివాళ్ళవి పొద్దున్న ఇద్దామని ఉంచుకుంది.

ఆదివారం పొద్దున్నే సీతారావమ్మ నన్ను బయటికి తీసింది. చేతికి అంటుకున్న జిగురు చూసింది. ఒక లైనింగు పీలిక తీసి నా మధ్య పెట్టి నొక్కింది. నేను కోయలేకపోయాను. నమిలాను. దారాలు నా నోట్లో ఇరుక్కుని వేలాడాయి. నా జీవితంలో అంత సిగ్గుపడింది లేదు.

"ప్రసూనా," అని పిలిచింది. ఆ పిలుపులో కోపం లేదు, అందుకే నాకు భయం వేసింది.

ప్రసూన వచ్చేలోపే గేటు దగ్గర శోకాలు మొదలయ్యాయి.

"ఒదినో! నా తల్లో! చెప్పకుండా ఎట్టా పోయావే!"

రెండు వీధుల అవతల ఉండే అంకమ్మ. మా పాత ఖాతాదారు. ఒక చేతిలో ఫొటోకి వెయ్యడానికి బంతిపూల దండ, ఇంకో చేతిలో కార్డు. గుండెలు బాదుకుంటూ గుమ్మంలోకి వచ్చి, మిషను దగ్గర నన్ను పట్టుకుని నిలబడ్డ సీతారావమ్మను చూసింది. ఏడుపు ఆపేసింది. అక్కడే గడప మీద చతికిలపడింది.

"ఒదినా… నువ్వేనా?"

"నేను కాకపోతే ఎవరే? ఎవరు పోయారు?"

"నువ్వే!" అని కార్డు చాపింది అంకమ్మ.

నేనూ చూశాను. వద్దనుకున్నా కళ్ళ ముందుకే వచ్చింది. చుట్టూ నల్ల అంచు. మధ్యలో నలుపు తెలుపు ఫొటో. కింద 'శ్రీమతి సీతారావమ్మ గారి' అని ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు. మెరుపుల రాత సంచిలో అంతా రాలిపోయి, దొంతరలో పై కార్డు వెనక్కి అంటుకుపోయింది. మిగిలిందల్లా ఆదివారం, భోజనానికి తప్పక రావలెను. నాలుగు మూలలా ఎక్కడా పసుపు చుక్క లేదు. పెద్దకర్మ కార్డు ఎలా ఉంటుందో ఈ ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు, ఒక్క ప్రసూనకు తప్ప.

ప్రసూన లోపలి గుమ్మం దగ్గర రాయిలా నిలబడి ఉంది.

"పుట్టినరోజు అని రాశానత్తయ్యా. నిజంగా రాశాను. మీ పేరు కార్డు మీద ఉండాలని… మీరు చూడలేదన్నారు కదా… అందుకని…" నోరు బంగారమని చెప్పానే, ఆ నోరు కూడా పోయింది.

అంకమ్మ దండను వెనక దాచుకుంటూ కసిరింది.

"ఆ నల్లంచు సంగతి వదిలెయ్యి. అసలు ఆడదాని ఫొటో, ఆడదాని పేరు పెట్టి కార్డొస్తే ఇంకేమనుకుంటారమ్మా? మా పేర్లు కార్డెక్కేది రెండేసార్లు. పెళ్ళికొకసారి, పోయాక ఒకసారి. మా ఒదినకి పెళ్ళీడు కాదయ్యె!"

సీతారావమ్మ నన్ను మిషను మీద పెట్టి, కార్డు పట్టుకుని వెలుతురులోకి వెళ్ళింది. ఇక అయిపోయింది, ఆ పిల్లకు ఈ ఇంట్లో నూకలు చెల్లాయి అనుకున్నాను. నాకు జరిగిన అన్యాయానికి అదే శిక్ష అని కూడా అనుకున్నాను, దాచడం దేనికి.

ఆవిడ వేలు ఫొటో మీద ఆగలేదు. నల్ల అంచు మీద ఆగలేదు. పేరు మీద ఆగింది. దీర్ఘం దగ్గర మెల్లగా తడిమింది.

"ఇట్టా ఉంటదన్నమాట," అంది. తర్వాత, "మిగతాయి తే," అంది.

ప్రసూన సంచి తెచ్చి ఇచ్చింది. సీతారావమ్మ కుర్చీలో కూర్చుని నన్ను అందుకుంది. కార్డు ఎత్తి, నా మధ్య పెట్టింది. నల్ల అంచును, వంకరతో సహా, ఒక్క లాగున కోసేసింది.

నువ్వు కూడానా అమ్మా! మస్తాన్‌వలికి ఇచ్చిన మాట ఏమైంది? మొగుణ్ణి బీడీకట్ట దారానికి పస్తు పెట్టినంత పని చేసిన మనిషివి! నాకు అసహ్యంతో మర బిగిసిపోయింది. ఆవిడ ఆగలేదు. కార్డు తర్వాత కార్డు. నల్ల పట్టీలన్నీ కాళ్ళ దగ్గర కుప్ప పడ్డాయి. అయితే ఒకటి ఒప్పుకోవాలి, మొద్దుబారిన నాతో కూడా ఆవిడ తిన్నగా కోసింది. తర్వాత పసుపు కలిపి తెమ్మంది. కార్డుల నాలుగు మూలలా తన బొటనవేలితోనే అద్దింది.

"'పుట్టినరోజు' అని మళ్ళీ రాయి. ఆ మెరుపు పెన్ను అవతల పారెయ్యి. పద, నేనే ఇస్తా. నిన్న పంచినోళ్ళ గుమ్మాలు కూడా ఎక్కుదాం. కార్డిచ్చినట్టూ ఉంటది, బతికే ఉన్నానని చూపించినట్టూ ఉంటది."

"బొట్టు…" అని ఆగింది ప్రసూన. మొగుడు పోయినప్పటి నుంచి ఆవిడ ఎవరినీ బొట్టు పెట్టి పిలవడానికి వెళ్ళలేదు.

"నువ్వు పెట్టు. పేరు నాది కదా, కార్డు నేనిస్తా."

ముగ్గురూ బయలుదేరారు. వెళ్ళే ముందు సీతారావమ్మ అంకమ్మ వెనక నుంచి బంతిపూల దండ లాక్కుని, "నాకోసమేగా తెచ్చావు," అంటూ వీధి గుమ్మానికి కట్టింది. ఆ సాయంత్రం జనం దాని కింద నుంచే వచ్చారు. పిలవనివాళ్ళు కూడా వచ్చారు, చచ్చి బతికిన మనిషిని చూద్దామని.

మర్నాడే నా స్థానంలోకి కొత్త కత్తెర వచ్చింది. దాన్ని చీర ముక్కలో చుట్టడం చూశాను. నన్ను మాత్రం ప్రసూన చేతిలో పెట్టి, "ఇంక ఇది నీదే," అంది సీతారావమ్మ. ఆ పిల్ల అదేదో నగ అయినట్టు రెండు చేతులతో తీసుకుంది.

ఇప్పుడు నా కాపురం షోకేసులో, స్కెచ్చి పెన్నుల డబ్బాలో. పార్సిలు టేపులు కోస్తాను. మందుల చీటీలు కోస్తాను. జిగురు ఇంకా పూర్తిగా వదల్లేదు, ఎండాకాలం వస్తే మళ్ళీ మెత్తబడి కంపు కొడుతుంది. ఈ బతుకు మీద నాకు రోత తగ్గిందని చెప్పను. సాన పట్టేవాడు వీధిలో అరిచినప్పుడల్లా సీతారావమ్మ కొత్తదాన్ని తీసుకెళుతుంది, నా వైపు చూసి ఊరుకుంటుంది.

నా ఎదురుగా గోడ మీద, మిషనుకు పైన, ఒక కార్డు మేకుకు వేలాడుతోంది. అంచు తిన్నగా ఉంది, మూలల్లో పసుపు వెలిసిపోయింది. మిషను తొక్కుతూ తొక్కుతూ ఆవిడ అప్పుడప్పుడు తల ఎత్తి దాన్ని చదువుకుంటుంది. నేను జీవితమంతా కోసిన పట్టు, నూలు, మఖమల్ ఈ ఊరివాళ్ళ ఒంటి మీద తిరిగాయి. వాటిలో ఒక్కదాని మీదా ఆమె పేరు లేదు. ఆమె పేరున్న వస్తువు నేను కోసినది అదొక్కటే. అదీ కాగితం. ఛీ.