ఎడమ పక్క బిందె

"తాగే నీళ్ళకు కూడా ఇంత ఖర్చా?" అన్నాడు మా ఆయన.

చాటలో కందిపప్పు పోసుకుని రాళ్ళు ఏరుతున్నాను. తల ఎత్తలేదు. జీతం చేతికొచ్చిన రోజు మా ఇంట్లో ఇదొక తంతు. ఆయన మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటాడు. పోయిన నెల దేనికెంత అయిందో నేను కింద కూర్చుని నోటితో చెప్పాలి. "బీకాం చదివినావు గదా, అప్పజెప్పు" అంటాడు. మార్కాపురంలో మూడేళ్ళు బస్సు దిగి కాలేజీకి నడిచిన నా చదువుకు దొరికిన ఉద్యోగం అదొక్కటే. ఆయన పలకల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఆర్డర్లు పడిపోయి ఇప్పుడు వారంలో సగం రోజులే పని ఉంటోంది, జీతమూ సగానికి వచ్చింది. అది ఆయన తప్పు కాదు. ఆ మాట నేనెప్పుడూ అనలేదు కూడా.

"కత్తిరించు" అన్నాడు. ఎక్కడ అని చెప్పడు. ఎక్కడ కత్తిరించాలో వెతుక్కోవడం నా పని. కత్తిరించినట్టు ఆయనకు తెలియకుండా కత్తిరించడం ఇంకా పెద్ద పని. పప్పు పలచనైతే కంచం పక్కకు నెడతాడు, అందుకని పప్పు తగ్గించి సొరకాయ వేసి మెత్తగా ఎనిపాను. శుక్రవారం మటన్ పోయి చికెన్ వచ్చింది. ముక్కలు ఆయనకూ మా చిన్నోడు మున్నాకూ, మెత్తటి లివరు మా అత్తమ్మకూ. కూతురు సాదియాకు కూడా ఒక మంచి ముక్క పడేలా చూసుకుంటాను. ఆడపిల్ల అని దానికి తగ్గించలేదని నాలో నేనే గొప్పపడతాను. నాకు షేర్వా చాలు. నెలకొకసారి మెడికల్ షాపులో నల్ల కవరులో చుట్టి ఇచ్చే ప్యాకెట్టు ఇప్పుడు సాదియాకు మాత్రమే కొంటున్నాను. నేను పాత చీర గుడ్డకు తిరిగి వెళ్ళిపోయాను. కిరాణా కొట్టు నిత్యానందం గారు ఈ మధ్య నన్ను చూస్తేనే నవ్వుతారు. "సల్మమ్మా, నీకు కట్టినంత చిన్న పొట్లాలు నేనెవరికీ కట్టలా" అంటారు. కొట్టు ముందు నిలబడ్డవాళ్ళు కూడా నవ్వుతారు. నేనూ నవ్వుతాను. నవ్వకపోతే అది అవమానం అయిపోతుంది.

ఆయన టీ హోటలూ, బండి పెట్రోలూ, ఆదివారం స్నేహితులతో బిర్యానీ మాత్రం ఆ లెక్కలోకి రావు. ఒకసారి మెల్లగా అడిగి చూశాను. "నలుగుర్లో కూర్చున్నప్పుడు జేబులో చెయ్యి పెట్టకపోతే పరువేముంటది?" అన్నాడు. పరువు కూడా నెలనెలా కొనాల్సిన సరుకేనని అప్పుడు అర్థమైంది.

ఇక మిగిలింది నీళ్ళు.

మా వంటింటి గట్టు మీద రెండు బిందెలు ఉంటాయి. కుడి పక్కది స్టీలుది, పైన మూత, మూత మీద బోర్లించిన గ్లాసు. అందులో ప్లాంటు నుంచి యాకోబన్న ఆటోలో వేసుకొచ్చే క్యాన్ నీళ్ళు. ఎడమ పక్కది పాత సత్తు బిందె. అందులో బోరు నీళ్ళు. ఆ నీళ్ళు మా వీధిలో అందరికీ తెలుసు. పప్పు ఉడకదు, టీ విరిగినట్టవుతుంది, గిన్నె అడుగున తెల్లగా పొర కడుతుంది. నాలుక మీద పెట్టుకుంటే తుప్పు పట్టిన మేకు చప్పరించినట్టు ఉంటుంది. మెడికల్ క్యాంపుకు వచ్చిన డాక్టరు ఫ్లోరైడు అని చెప్పాడు. మరిగించినా పోదన్నాడు.

నేను తర్లుపాడు నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో మా అత్తమ్మ కమ్రున్నీసా నన్ను ఈ గట్టు ముందే నిలబెట్టింది. "ఇదిగో సల్మా, కుడి పక్కది మగోళ్ళకు, పిల్లకాయలకు, ఇంటికొచ్చేటోళ్ళకు. ఎడమ పక్కది మనకు."

అప్పట్లో క్యాన్లు లేవు. తీపి నీళ్ళు వీధి చివరకు ట్యాంకరులో వచ్చేవి. కొట్లాడి పట్టుకుని చంకన పెట్టుకుని మోసేది ఆమే.

"మోసేది ఎవరత్తమ్మా?" అన్నాను.

"మనమే."

"మరి తాగేది?"

అడగకూడనిది అడిగినట్టు చూసింది. "చదువుకున్నదానివి, మాటలు బాగా నేర్చినావు" అని పక్కకు వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి నేను ఎవరినీ అడగకుండా కుడి బిందెలో నీళ్ళే తాగాను. కాలేజీ చదువు నాకేమన్నా ఇచ్చిందంటే అదేననుకున్నాను. అత్తమ్మకు కూడా పోసి ఇచ్చేదాన్ని. ఆమె ఒక గుక్క తాగి, "సప్పగా ఉండాయే, నాకు అవే అలవాటు" అని గ్లాసు పక్కన పెట్టేసేది. ఇప్పుడు ఆమె మెడ తిరగదు. ఎవరైనా పిలిస్తే కుర్చీలో మొత్తం మనిషే తిరగాలి. ముడుచుకుపోయిన వీపుతో, ఆ కుర్చీలోనే నమాజు చేసుకుంటుంది.

పోయిన చలికాలంలో, రోజూ వచ్చే క్యాన్‌ను రోజు విడిచి రోజు చేసినప్పుడు నేను చేసింది ఇంతే. ఎడమ బిందెకు మారాను. ఎవరూ చెప్పలేదు, ఎవరూ బలవంతం చెయ్యలేదు. ఇంట్లో ఒక మనిషి దాహం తగ్గిస్తే క్యాను రెండు రోజులు వస్తుందని లెక్క వేసుకున్నాను. అది నా తెలివి అనుకున్నాను. కళ్ళు గట్టిగా మూసుకుని, ఊపిరి బిగబట్టి, మందు మింగినట్టు మింగేదాన్ని. వెంటనే రెండు సోంపు గింజలు నోట్లో వేసుకునేదాన్ని. యాకోబన్న ఖాళీ క్యాను ఆటోలో పెట్టుకుంటూ, "ఏంది సల్మమ్మా, ఇంట్లో మనుషులు తగ్గినారా?" అని అడిగాడు. "మనుషులు కాదన్నా, దాహం తగ్గింది" అన్నాను. పెద్ద జోకు చెప్పినట్టు ఇద్దరం నవ్వుకున్నాం.

ఈ మధ్య పొద్దున లేవగానే మోకాళ్ళు నావి కానట్టు ఉంటున్నాయి. నమాజులో సజ్దాకు వంగితే లేవడానికి గోడ పట్టుకోవాల్సి వస్తోంది. ఒకరోజు ఓర్చుకోలేక అత్తమ్మ కుర్చీ లాక్కుని కూర్చుని చదివాను. ఆయన గుమ్మంలో నిలబడి నవ్వాడు. "నలభై రాకముందే మా అమ్మ సీటు కబ్జా చేసినావే!" క్యాంపు డాక్టరును అడిగితే, నీళ్ళ వల్లో కాదో ఇప్పుడే చెప్పలేను, ముందు ఆ నీళ్ళు మానెయ్యమ్మా అన్నాడు. సరే అన్నాను. మానలేదు. మానితే ఆ ఖర్చు మళ్ళీ ఎక్కడ కత్తిరించాలో తోచలేదు.

పోయిన ఆదివారం ఆయన స్నేహితుడు జావీద్ వచ్చాడు. ఇద్దరూ ముందు గదిలో కూర్చుని ఫ్యాక్టరీ సంగతులు, అమ్ముకోవాల్సి వచ్చిన బండ్ల సంగతులు మాట్లాడుకుంటున్నారు. ధరలు మండిపోతున్నాయని జావీద్ అంటే మా ఆయన గొంతు ఒక్కసారి లేచింది.

"మా ఇంట్లో ఆ బాధే లేదు రా. జీతం సగమైనా ఏదన్నా తగ్గినట్టు తెలుస్తదా నీకు? నీళ్ళ క్యానే చూడు, మీకు రోజుకొకటి. మాకు రోజు విడిచి రోజు. అంతా మేడం మేనేజ్‌మెంట్!"

"మా ఆమెను ఒక నెల ఇక్కడ ట్రైనింగుకు పంపిస్తా వదినా" అన్నాడు జావీద్, వంటింటి వైపు గొంతు పెంచి. "క్యాన్ నీళ్ళతో మొహాలు కడుగుతారు మా ఇంట్లో."

నేను ఉల్లిపాయలు కోస్తున్నాను. నిజం చెప్పాలి, ఆ మాటకు నాకు సంతోషమైంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నన్ను పరాయివాళ్ళ ముందు మెచ్చుకున్నది బహుశా అదే మొదటిసారి. నా పెదవులు వాటంతటవే విచ్చుకోవడం నాకు తెలిసింది.

"సాదియా, మామకు నీళ్ళు తీసుకురా" అని కేక వేశాడు ఆయన.

సాదియా వచ్చింది. ఎనిమిదో తరగతి. ఈమధ్యే పొడుగు సాగింది. కుడి బిందె మూత తీసి రెండు గ్లాసులు నింపి, ఒక్క చుక్క గట్టు మీద పడకుండా మూత పెట్టి, ముందు గదిలోకి తీసుకెళ్ళింది. తిరిగొచ్చి ఇంకో గ్లాసు తీసుకుంది. ఎడమ బిందెలో ముంచింది. కళ్ళు గట్టిగా మూసుకుని, ఊపిరి బిగబట్టి, గటగటా తాగేసింది. అటువైపు చూడకుండానే సోంపు డబ్బా మీదకు చెయ్యి పోనిచ్చింది.

నా చేతిలో కత్తి ఆగిపోయింది.

"ఆ నీళ్ళు ఎందుకు తాగినావు?"

"ఏం అమ్మీ?"

"అవి తాగేవి కావు. నీకు ఎవరు చెప్పినారు తాగమని?"

"ఎవురూ చెప్పల." సోంపు నములుతూ నా వైపు వింతగా చూసింది. "నువ్వు తాగుతావు గదా. దాదీ తాగుతది గదా."

"ఎప్పట్నుంచి?"

కొంచెం సిగ్గుపడింది. ముందు గది వైపు చూసి గొంతు తగ్గించింది. "నేను పెద్దమనిషినైనప్పట్నుంచి."

అంటే ఎండాకాలం నుంచి. అంటే రంజాన్ నెలంతా. సాదియా మొదటిసారి అన్ని రోజా ఉపవాసాలూ ఉన్న నెల. తెల్లారకముందే సహరీకి నిద్రకళ్ళతో లేచి నీళ్ళు తాగి పొద్దంతా ఓర్చుకున్నది ఆ నీళ్ళతోనే. దానికి చికెన్ ముక్క పడిందా లేదా అని కంచంలోకి చూశాను, గ్లాసులోకి చూడలేదు. నెల ప్యాకెట్టు కొనిచ్చి తల్లిగా నా పని అయిపోయిందనుకున్నాను. నేను నోరు విప్పి దానికి చెప్పిన మంచి మాటలు బోలెడు. బాగా చదువుకో, ఎవరికీ తక్కువ కాదు నువ్వు, నీ ఉద్యోగం నువ్వు చెయ్యాలి. అవన్నీ విన్నట్టే విని, అది నన్ను చూసి నేర్చుకుంది. మా అత్తమ్మ నాకు నోటితో చెప్పిన నియమాన్ని నేను ఒప్పుకోలేదు. అదే నియమాన్ని ఒక్క మాట కూడా లేకుండా నా కూతురికి నేర్పించింది నేనే.

జావీద్ వెళ్ళాక ఆయనకు చెప్పాను. మామూలుగానే చెప్పాను, గొంతు పెంచలేదు. క్యాన్ మళ్ళీ రోజూ వేయించుకోవాలి, పిల్ల బోరు నీళ్ళు తాగుతోంది అన్నాను. ఆయన ఫోనులోంచి తల ఎత్తలేదు.

"ఆడపిల్ల, ఎన్ని నీళ్ళు తాగుతదని? చక్కగా జరుగుతా ఉన్నదాన్ని మళ్ళా కెలుకుతన్నావు. అయినా మా అమ్మ తాగలేదా ఆ నీళ్ళు? బతకలేదా?"

మూల కుర్చీలో తస్బీహ్ పూసలు తిప్పుకుంటున్న అత్తమ్మ వేళ్ళు ఆగాయి. రెండు చేతులూ కుర్చీ మీద ఆనించి, కాళ్ళు కొంచెం కొంచెం జరుపుతూ, మొత్తం మనిషి ఆయన వైపు తిరగడం మొదలుపెట్టింది. చాలాసేపు పట్టింది. సాయం చెయ్యబోయాను, వద్దని చెయ్యి ఊపింది.

"ఖాదరూ" అంది, చివరకు ఆయన మొహం కనిపించాక. "పిలిస్తే తిరిగి చూడ్డానికి నాకు ఇంతసేపు పడుతుంది రా. దీన్ని బతకడం అంటే, బతికినా."

"అమ్మా, నువ్వూరుకో. నీకేం తెలవదు" అన్నాడు. నవ్వాడు కూడా. లేచి బండి తాళం తీసుకుని టీ హోటలుకు వెళ్ళిపోయాడు. అత్తమ్మ అటువైపే ఉండిపోయింది. మళ్ళీ ఇటు తిరగడానికి ఓపిక లేక, ఖాళీ మంచం వైపు చూస్తూ కూర్చుంది.

మర్నాడు ఆయన ఫ్యాక్టరీకి పోయాక ఎడమ పక్క బిందె ఎత్తి పెరట్లో కరివేపాకు చెట్టుకు పోశాను. చింతపండు వేసి తోమాను. అడుగున కట్టిన తెల్లటి పొర రాలేదు. గోరు పెట్టి గీకినా రాలేదు. దాన్ని అట్లాగే మెట్ల కింద బోర్లించాను. గట్టు మీద ఒక్క బిందే మిగిలింది. సాదియా బడికి పోయే ముందు ఒక సీసా, మున్నాకు ఒక సీసా నింపాను. అత్తమ్మకు గ్లాసు చేతికిచ్చి, తాగేదాకా అక్కడే నిలబడ్డాను. సప్పగా ఉన్నాయంది, కానీ తాగింది. తర్వాత నేనూ ఒక గ్లాసు పోసుకుని, కళ్ళు తెరుచుకునే తాగాను. ఆ నీళ్ళకు ఇంత తీపి ఉంటుందని మర్చిపోయాను. బడి నుంచి పిల్లలొచ్చి తాగేసరికి బిందె అడుగు కనిపించింది. క్యాను మళ్ళీ వచ్చేది రేపు.

సాయంత్రం ఆయన ఎండలో పడి వచ్చాడు, తల మీద పలకల దుమ్ముతో. చెప్పులు విడుస్తూనే "నీళ్ళు" అన్నాడు. సాదియా చదువుతున్న పుస్తకం పక్కన పెట్టి లేవబోయింది.

"నువ్వు కూర్చో" అన్నాను.

సాదియా పుట్టాక కూడా నేను ఆయన్ను 'ఏమండీ' అనే పిలిచేదాన్ని. మున్నా పుట్టాకే 'మున్నా అబ్బా', అంటే మున్నా నాన్నా, అని పిలవమన్నాడు. అప్పటి నుంచి అదే పిలుపు. పెరట్లో బోరు కుళాయి తిప్పి గ్లాసు నిండా పట్టాను. తెచ్చి ఆయన ముందు నిలబడ్డాను.

"సాదియా అబ్బా, నీళ్ళు."

పక్కింటివాళ్ళను పిలిచానేమో అన్నట్టు ఒక్క క్షణం చూశాడు. తర్వాత గ్లాసు అందుకుని ఒక్క గుక్క తాగి, మొహం చిట్లించి, వాకిట్లోకి ఊసేశాడు.

"ఏంది ఈ నీళ్ళు?"

"బోరువి. ఈ పొద్దు నుంచి క్యాన్ నీళ్ళు ముందు పిల్లలకు, అత్తమ్మకు. మిగిలితే మనిద్దరికీ చెరి సగం. ఈ పొద్దు నా సగం తాగేసినా. మీ సగానికి లేవు."

"నా ఇంట్లో నాకు లేవా? మరి నన్నేం తాగమంటావు?"

ముందు గదిలో కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినిపించింది. అత్తమ్మ మళ్ళీ మెల్లగా ఇటువైపు తిరుగుతోంది. పుస్తకం మీద వేలు పెట్టుకుని సాదియా ఊపిరి బిగబట్టి నన్నే చూస్తోంది.

డబ్బాలోంచి రెండు సోంపు గింజలు తీసి ఆయన అరచేతిలో పెట్టాను.

"కళ్ళు మూసుకుని ఒక్కసారిగా మింగండి" అన్నాను. "మేమట్లనే తాగినాం."