హన్నమ్మ పిడికెడు

మా ఆవిడ హన్నమ్మ పోయాక నాకు ప్రార్థన రావడం లేదు. సాయంత్రాలు ఇంట్లో ప్రార్థన చేసేది ఆమె. నేను పక్కన కళ్లు మూసుకుని కూర్చునేవాణ్ణి. ఇప్పుడు ఒక్కణ్ణే చాప వేసుకుని కూర్చుంటే చేపల చెరువు మీద పిట్టల అరుపు వినబడుతుంది. లోపల మాట లేదు.

వంటా ఆమెదే. బియ్యం కడగబోయే ముందు పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న చిన్న మట్టి గురిగిలో వేసేది. అది దేవుడి భాగం. ఆదివారం ఆ గురిగి చర్చికి తీసుకెళ్లి బలిపీఠం ముందున్న బేసినులో పోసేది. మా కొల్లేటి ఊళ్లల్లో మిషను దొరల నాటి నుంచీ ఆడవాళ్లు చేస్తున్న పని. ఆ బియ్యం అమ్మి చర్చికి వాడతారు.

ఆమెను సమాధి చేసి వచ్చిన మర్నాడు నేనే పొయ్యి వెలిగించాను. గురిగి కనబడితే పిడికెడు తీసి వేశాను. మాట రాకపోయినా ఇది వచ్చింది.

మగవాడు గురిగి తేవడం మా చర్చిలో లేదు. ఆడవాళ్లు చాపల మీద జరిగి దారి ఇచ్చేవారు. కొన్ని వారాలు పోయాక, హన్నమ్మతో నాట్లకు వెళ్లే పుష్పమ్మ గురిగిలోకి తొంగి చూసింది.

"అన్నయ్యగారూ, మీ చెయ్యి చేటంత ఉందండీ. వదినది చిన్న చెయ్యి, పైగా ఇద్దరి బియ్యంలోంచి తీసేది. ఒక్కరి బియ్యంలోంచి ఇంత తీస్తే మీరు తినేదేంటి?"

"సరిపోతుందమ్మా."

"ఏం సరిపోద్ది. చొక్కా మేకుకి తగిలించినట్టుంది."

ఆ రోజు నుంచి ఇద్దరికి సరిపడా కొలిచాను. మిగిలిన చద్దన్నం పొద్దున తిని చెరువు కాపలాకి పోయేవాణ్ణి.

క్రాంతి కుమార్ అయ్యగారు తాడేపల్లిగూడెం నుంచి కొత్తగా వచ్చిన పాస్టరు. ఒక ఆదివారం ఆరాధన చివర చెప్పారు, ఇక బేసిను ఉండదని. బియ్యం పురుగు పడుతున్నాయి, నాలుగు రకాలు కలిసిపోతే కొనేవాళ్లు లేరు. కానుక కవర్లో వేయండి, లేదా ఫోన్లో పంపండి అన్నారు. అందరూ తలూపారు. ఆయన చెప్పింది నిజమే.

జనం వెళ్లేదాకా ఆగాను.

"అయ్యగారండీ, బేసిను ఉంచండి."

"అబ్రహాం గారూ, దేవుడు బియ్యమే తెమ్మనలేదు కదండీ. ఇంట్లో ప్రార్థన చేసుకోండి, చాలు."

"రావట్లేదండీ."

"ఏంటండీ రావట్లేదు?"

"ప్రార్థన. మా ఆవిడ పోయిన కాణ్ణుంచీ. ఇదొక్కటే వస్తోంది."

ఆయన నా చేతిలోని ఖాళీ గురిగి వైపు చూశారు. చంకలో బైబిలు సర్దుకున్నారు. ఏదైనా వాక్యం చెబుతారనుకున్నాను.

"ఉంచుతాను లెండి" అన్నారు.

పై ఆదివారం ఆడవాళ్ల చేతుల్లో తెల్ల కవర్లున్నాయి. బేసిను తోమి దాని చోటే పెట్టారు. వెళ్లి గురిగి వంచాను. అడుగున ఇంకెవరి బియ్యమూ లేవు. నావి స్టీలు మీద పడిన చప్పుడు చర్చంతా వినబడింది. పోయడం అయ్యేదాకా ఎవరూ కదలలేదు.

నేనేమీ అనలేదు. వెనక చాప మీంచి పుష్పమ్మ మెల్లగా "ఆమెన్" అంది.

నేను వెళ్లి మగవాళ్ల వైపు కూర్చున్నాను.